మూడో రంధ్రం

ఎనభై ఎనిమిది దగ్గర అంకె మొండికేసింది. మొదటి పది నిమిషాలూ ఎప్పుడూ ఇంతే, ఈ నీళ్ళు గాలిని వదలమంటే వదలవు, పంపు పీల్చి పీల్చి బతిమాలాల్సిందే అనుకుంటూ ఆమె స్టూలు లాక్కుని మీటరు ముందు కూర్చుంది. ముప్పై రావాలి. నీటిలో కరిగిన గాలి నూటికి ముప్పై వంతులకి దిగేదాకా ప్రయోగం మొదలుపెట్టకూడదు, అది ఈ గదిలో చట్టం. దానికి సరిగ్గా గంట పడుతుంది. గంట తర్వాత, పదకొండింటికి, మళ్ళీ కొలిచేది చూడ్డానికి వాళ్ళు వస్తారు. వాళ్ళంటే ల్యాబుకి అధిపతి అయిన పెద్దాయన, ఆయన ఏమన్నా తలూపడానికి ఇద్దరు, అవతలి సంస్థ నుంచి కంప్యూటర్ మీద లెక్కలు కట్టే ముగ్గురు. ఆ ముగ్గురిలో ముందు నడిచేవాడు ఆమె మొగుడు. మొగుడు! మాట మనసులో అనుకుంటేనే ఒళ్ళు మండింది. పొద్దున బూట్లు తుడుచుకుంటూ "బాగా జరుగుతుందిలే, కంగారు పడకు" అన్నాడు. ఎంత శాంతంగా అన్నాడో! ఆ బూటు తీసి నెత్తిన వెయ్యాలనిపించింది. వెయ్యలేదు. పన్నెండు రోజులుగా ఏమీ అనలేదు, ఏమీ వెయ్యలేదు, అతని ఫోను మాత్రం ఛార్జింగుకి పెట్టడం మానేసింది, సీసా మూతలు అతనికి రానంత గట్టిగా బిగిస్తోంది, అలమరలో అతని మేజోళ్ళలో జతకి ఒకటి చొప్పున తీసి మంచం కిందికి తోస్తోంది. నలభై రెండేళ్ళొచ్చాయి, చేసే పని ఇదీ. సిగ్గేసింది కానీ మానలేదు.

ఎనభై ఒకటి. గోడవతల పంపు గుర్రు పెడుతోంది. టన్నెల్ ఈ గది పొడుగునా పడుకుని ఉంది, ఇనుప గొట్టం, మధ్యలో మూరెడు పారదర్శకమైన కిటికీ, దాని లోపల నేల మీద చిన్న గట్టు. నీళ్ళు ఆ గట్టు దాటేటప్పుడు ఇరుక్కుని పరుగెత్తుతాయి, ఆ పరుగులో ఒత్తిడి పడిపోతుంది, పడిపోతే నీళ్ళు చన్నీళ్ళుగా ఉండగానే మరిగిపోతాయి. బడిపిల్లలు చూడ్డానికొచ్చినప్పుడు ఇదే చెబుతుంది, వేడి లేకుండా మరగడం, వాళ్ళు నమ్మరు, కిటికీలో తెల్లగా నురగమబ్బు లేస్తే నోళ్ళు తెరుస్తారు. ఆ మబ్బు ఒకచోట నిలవదు, సెకనుకి ఇరవైసార్లు పెరిగి తెగి కొట్టుకుపోతుంది. ఎందుకు తెగుతుంది? అదీ తగువు. వెనక నుంచి ఒక సన్నని నీటిపాయ మబ్బు కిందుగా పాకి వచ్చి పీక కోస్తుందని వాళ్ళంటారు, వాళ్ళంటే అతను, అయిదేళ్ళుగా కంప్యూటరు ముందు కూర్చుని ఆ పాయని సాకుతున్నాడు. అది కాదని ఈమె అంటుంది. మబ్బులోని బుడగలే ఒకదాని వెనక ఒకటి కూలిపోతూ, ఆ కూలడమే ఒక అంచుగా, షాక్ వేవ్‌గా, ప్రవాహానికి ఎదురు పరుగెత్తి మబ్బుని తెంపుతుంది. నీళ్ళలో చప్పుడు సెకనుకి కిలోమీటరున్నర పోతుంది, గాలిలో మూడొందల మీటర్లు పోతుంది, రెండూ కలిసి నురగైతే మాత్రం సైకిల్ తొక్కేవాడు దాటిపోతాడు. విడివిడిగా చురుకైన రెండింటిని కలిపి కాపురం పెట్టిస్తే అంతే మరి. ఈ హాస్యం ఒకప్పుడు అతనే ఆడేవాడు, పెళ్ళయిన కొత్తలో, స్నేహితుల ముందు. అందరూ నవ్వేవాళ్ళు, ఈమె అందరికంటే ఎక్కువ నవ్వేది.

గట్టు వెనక నేలలో నాలుగు రంధ్రాలు, బఠాణీ గింజంత, ఒక్కోదాంట్లో ఒత్తిడి కొలిచే సెన్సర్. అంచు నిజమైతే ముందు నాలుగో రంధ్రం మీద దెబ్బ పడాలి, తర్వాత మూడు, తర్వాత రెండు, ఒకటి. అలాగే పడింది. మూడేళ్ళు పట్టింది దాన్ని పట్టుకోడానికి. అందులో మూడో రంధ్రం దగ్గర గీత ఎంత ఎత్తుకి లేచిందంటే, కాగితం పైఅంచు దాటిపోతే కొలబద్ద మార్చి గీయాల్సి వచ్చింది. పేపరుకి ఆ శిఖరమే, ఆ పీక్ అనేదే ప్రాణం. పెద్దాయన దాన్ని పెద్దది చేయించి గుమ్మం పక్కన అంటించాడు, వచ్చినవాళ్ళకి దేవుణ్ణి చూపించినట్టు చూపిస్తాడు. పేపరు పత్రికకి పంపారు. పత్రికవాళ్ళు పేరు చెప్పని ఒక సమీక్షకుడికి పంపారు. పన్నెండు రోజుల కింద సమీక్ష వచ్చింది. నాలుగు పేజీలు. మొదటి పేజీ పొగడ్త, రెండో పేజీ అనుమానం, మూడో పేజీలో మూడో పేరా. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా అచ్చుగా కనబడుతుంది. "సెన్సర్ అంచుని సరైన జిగురుతో కాక గోళ్ళరంగు వంటి వాటితో మూసినట్లయితే, దాని వెనక చిక్కుకున్న చిన్న గాలితిత్తి దెబ్బని లేనంత పెద్దది చేసి చూపగలదు. ఆ అవకాశం లేదని రచయితలు మళ్ళీ కొలిచి నిరూపించాలి." గోళ్ళరంగు. లక్కా కాదు, మైనం కాదు, సబ్బు కాదు. పేపరులో ఆ మాట లేదు. ల్యాబు పుస్తకంలో లేదు. పెద్దాయనకి తెలియదు. ప్రపంచం మొత్తం మీద ఆ సంగతి చెప్పింది ఒక్కడికి, ఆదివారం పొద్దున, వంటింట్లో, గిన్నెలు తుడుస్తూ.

"ఏవమ్మా, టీ ఏమన్నా తాగుతావా?" పంపు బాబాయ్ తలుపు సందులోంచి తల పెట్టాడు. ఈ టన్నెల్‌ని ఆయన ముప్పై ఏళ్ళుగా నడుపుతున్నాడు, పంపు మనసు పంపు కంటే ముందు ఆయనకే తెలుస్తుంది.

"వద్దు బాబాయ్."

"మొహం చూస్తే ఎవర్నో నమిలేట్టున్నావు. వాళ్ళు రానీ, అందాకా ఆగు."

డెబ్భై. ఆయన పోయాడు. ఆ రోజు ఈయన ఉండి ఉంటే అసలీ గొడవే లేదు, ఆ రోజు పంటినొప్పని సెలవు పెట్టాడు. మూడో రంధ్రం నుంచి చెమ్మ ఊరుతోంది, ఎపాక్సీ జిగురు ట్యూబు ఎండిపోయింది, కొత్తది తెప్పించాలంటే కాగితం మీద ముగ్గురు సంతకాలు పెట్టాలి, నీళ్ళలో గాలి ముప్పైకి దిగి సిద్ధంగా ఉంది, వదిలేస్తే మళ్ళీ గంట. సంచీలో వెతికితే ఆ సీసా దొరికింది. ఎర్రది. పెళ్ళిరోజుకి అతను కొనిచ్చింది. తొమ్మిదేళ్ళలో ఈమె గోళ్ళకి రంగు వేసుకోగా ఒక్కనాడూ చూడని మనిషి, రోజంతా నీళ్ళలో చేతులు నానే మనిషికి, గోళ్ళరంగు కొన్నాడు. ఎవరో సహోద్యోగి కొంటుంటే చూసి తనూ కొని ఉంటాడు. పారెయ్యలేక సంచీలో పడేసింది. సెన్సర్ చుట్టూ కుంచెతో రెండు పూతలు పూసింది, నోటితో ఊది ఆరబెట్టింది, చెమ్మ ఆగింది. ఆ రోజే ఆ పీక్ వచ్చింది. ఆదివారం చెబితే అతను గిన్నె చేతిలో పట్టుకుని పడీపడీ నవ్వాడు. "నేను కొనిచ్చింది గోళ్ళకి కాకుండా గొట్టానికి పెట్టావా?" అన్నాడు. తనూ నవ్వింది. నవ్వుతూ అతని భుజానికి తడి చెయ్యి తుడిచింది. అప్పుడే అతని బుర్రలో ఆ గాలితిత్తి తట్టి ఉంటుంది. తట్టి, నోరు మూసుకుని, తర్వాతి గిన్నె అందుకుని ఉంటాడు.

పెళ్ళాం పేపరు సమీక్షకి వస్తే నాకొద్దని తిప్పి పంపాలి, ఈ వృత్తిలో అంతకంటే మొదటి మర్యాద లేదు. పత్రికవాళ్ళకి తెలియదు, ఇద్దరి ఇంటిపేర్లూ వేరు, సంస్థలూ వేరు. అతనికి తెలుసు కదా. కాగితం మీద పైన నా పేరుంది కదా, అది చదివే కదా కింద రాశాడు! పైగా సమీక్ష వచ్చిన సాయంత్రం బట్టలు మడతపెడుతూ "రివ్యూ ఏమన్నా వచ్చిందా?" అని అడిగాడు. వచ్చిందంది. "ఏమంటాడు?" "మళ్ళీ కొలవమంటాడు." "పాపం, ఎవరో గానీ శ్రద్ధగా చదివినట్టున్నాడు," అన్నాడు. దుప్పటి రెండో కొస ఈమె చేతిలో ఉంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి కొసకి కొస కలిపి మడిచారు. ఆ దుప్పటి అతని మెడకి చుట్టి లాగనందుకు ఇప్పటికీ తన మీద తనకే కోపం. ఆ మర్నాడు పెద్దాయన గదిలో ఇంకో సన్నివేశం. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "ఎవడమ్మా వీడు? గోళ్ళరంగట! ల్యాబనుకున్నాడా, బ్యూటీ పార్లరనుకున్నాడా? ఎవరైనా అలా చేస్తారా?" అని విరగబడి నవ్వాడు. ఈమె నోటిదాకా వచ్చింది, నేను చేశాను సార్ అని. బయటికి రాలేదు. నవ్వింది. నవ్వి, ఆ మాట మింగింది. మింగింది ఇంకా అరగలేదు.

అరవై. ఇలాగే ఒక పొద్దున, ఈ కిటికీ ముందే, పన్నెండేళ్ళ కింద. అప్పుడు అతను సన్నగా ఉండేవాడు, చొక్కా ఎప్పుడూ ఒక గుండీ తప్పి ఉండేది. చూడ్డానికొచ్చిన వాళ్ళందరూ మబ్బు చప్పుడు వేపుడులా ఉందన్నారు, వానలా ఉందన్నారు. అతను గొట్టం మీద చెవి ఆన్చి చాలాసేపు విని, "ఎవరో లోపల గులకరాళ్ళు పోస్తున్నారు," అన్నాడు. సరిగ్గా అదే. బుడగ కూలినప్పుడల్లా గులకరాయి తగిలినట్టే ఉంటుంది, ఇనుముని కూడా చెక్కేస్తుంది. అంత సరిగ్గా వినే మనిషితో బతకొచ్చు అనుకుంది. వినడం బాగానే వింటాడు. చెప్పడమే రాదు. ఎదురుగా ఒక్క మాట అనలేడు, రాస్తాడు. ఇల్లు మారదామన్న తగువులో మూడు రోజులు మౌనంగా తిరిగి నాలుగో రోజు ఈమెయిల్ పంపాడు, ఒకటి నుంచి పదకొండు దాకా అంకెలు వేసి, పక్కగదిలోంచి. అప్పుడు నవ్వొచ్చింది. ఈ సమీక్ష కూడా అదే జాతి. పెళ్ళికి ముందు ఊరు కాని ఊళ్ళో రెండేళ్ళున్నాడు, అప్పుడు రాసిన ఉత్తరాల్లో ఏదీ పేజీ దాటలేదు. నాలుగు పేజీలు! ఈ జన్మలో ఈమెకి అతను రాసిన పెద్ద ఉత్తరం ఇదే, కింద సంతకం లేకుండా.

నలభై ఆరు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. మూడో రంధ్రం శుభ్రంగా ఉంది. మొన్న ఆ ఎర్రరంగుని పొడిదూది, రిమూవరు పెట్టి గీకి గీకి తీసింది, సన్నని పొరలు పొరలుగా వచ్చింది, కొత్త ట్యూబు ఎపాక్సీ వేసి ఒక రోజంతా ఆరనిచ్చింది. ఇంకిప్పుడు ఏ తిత్తీ లేదు. పీక్ వస్తే వచ్చినట్టు, రాకపోతే రానట్టు. రాకపోతే? పన్నెండు రోజులుగా ఈ ప్రశ్న తలుపు కొడుతోంది, కోపం అడ్డంపెట్టి తీయకుండా కూర్చుంది. రాకపోతే అతను చెప్పిందే నిజం. రాకపోతే పేపరు వెనక్కి తీసుకోవాలి, గుమ్మం పక్క దేవుణ్ణి చింపాలి, పెద్దాయన టన్నెల్‌ని ఇంకొకళ్ళకి ఇస్తానని ముందే అన్నాడు. గాలితిత్తి పెద్దది చేసి చూపుతుందని ఈమెకి మాత్రం తెలియదా? మొదటి ఏడాది పిల్లలకి పాఠం చెబుతుంది. అంత ఎత్తు పీక్ చూసిన రోజున ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఇది ఎక్కువైందేమో అనిపించలేదా? అనిపించింది. నోరుమూసుకో అని దాన్ని తరిమింది. ఆ క్షణాన్నే అతను పట్టుకుని అచ్చేసి పంపాడు. తప్పు పట్టినందుకు కాదు కోపం. గిన్నెలు తుడుస్తున్నప్పుడు అనొచ్చు కదా! "ఒసే, దాని వెనక గాలి చిక్కుకుందేమో చూడు," అంటే అయిపోయేది కదా, ఆ సోమవారమే గీకేసేది కదా. వంటింట్లో నవ్వి, చీకట్లోంచి రాయి వేశాడు. దానికి క్షమాపణ లేదు, అతని పాయ నిజమైనా, తన అంచు అబద్ధమైనా, లేదు.

ముప్పై ఆరు. మెట్ల మీద బూట్ల చప్పుడు. ఆ బూట్లు ఏవో తెలుసు.

అందరూ లోపలికొచ్చారు. పెద్దాయన చేతిలో సమీక్ష కాగితాలున్నాయి, చుట్టగా చుట్టి కర్రలా పట్టుకున్నాడు. అతను అందరికంటే వెనక నిలబడి, ఈమె వైపు చూసి, పరాయివాళ్ళ పెళ్ళిలో నవ్వినట్టు నవ్వాడు. కాళ్ళకి రెండు రకాల మేజోళ్ళు. ఒకటి నలుపు, ఒకటి నీలం. అది చూశాక కొంచెం ప్రాణం లేచొచ్చింది.

"ఏమ్మా, నీళ్ళు సిద్ధమా?" అన్నాడు పెద్దాయన.

"ముప్పై సార్. ఇక కానివ్వు బాబాయ్."

మోటారు లేచింది. నేల అదిరింది. కిటికీలో మొదట ఒక తెల్ల వెంట్రుక, తర్వాత ఒక పాయ, తర్వాత మబ్బు. గులకరాళ్ళు మొదలయ్యాయి. ఎవరో అబ్బా అన్నారు. తెర మీద నాలుగు గీతలు పాకుతున్నాయి, ఆమె చెయ్యి రికార్డింగు మీట మీద ఉంది, రెండు సెకన్లు పట్టుకుంది, వదిలింది. గీతలు నిలబడ్డాయి. నాలుగో రంధ్రం మీద దెబ్బ. కొంచెం వెనగ్గా మూడు. తర్వాత రెండు. తర్వాత ఒకటి. వరస తప్పలేదు, ప్రవాహానికి ఎదురు, అంచు ఉంది, నిజంగా ఉంది, ఏడుపొచ్చినంత పనైంది. కానీ మూడో గీత మీద కొండ లేదు. పక్కవాటంతే ఉంది, ఒక మామూలు గుట్ట. ఎక్కడా కాగితం దాటలేదు.

మోటారు మోగుతూనే ఉంది. పెద్దాయన గుమ్మం పక్కన బొమ్మ చూశాడు, తెర చూశాడు, మళ్ళీ బొమ్మ చూశాడు. అతను తెర చూస్తున్నాడు. మొహంలో ఏమీ లేదు, బొటనవేలు మాత్రం చూపుడువేలిని గీరుతోంది, లెక్క సరిపోయినప్పుడు అతని చెయ్యి అలాగే చేస్తుంది, తొమ్మిదేళ్ళుగా తెలుసు.

"మూడోది ఏమైందమ్మా?" అన్నాడు పెద్దాయన గొంతు పెంచి. "సెన్సర్ గానీ పాడైందా?"

పాడైంది సార్. అంతే, రెండు మాటలు. ఆయనే అందిస్తున్నాడు, తీసుకుంటే చాలు, సెన్సర్ మార్చి చూస్తామని వారం అడగొచ్చు, వారం ఇస్తాడు, పేపరు బతుకుతుంది. అతను కూడా ఆ మాట కోసమే చూస్తున్నాడు, అంటుందా అనదా అని. ఆమెకి అప్పుడు తట్టింది. గంటసేపు మీటరు ముందు కూర్చుని ఇద్దరిలో ఎవరు గెలుస్తారనే ఆలోచించింది, మూడో దారి ఒకటుందని తట్టనే లేదు. ఆ దారికి తన పీక్ పోవాలి. పోతే పోనీ, అది ఎటూ తనది కాదు. అతనేం చేశాడని ఈమె ఒక్క ముక్క అననక్కర్లేదు. తను చేసింది చెబితే చాలు.

"సెన్సర్ బాగుంది సార్. అప్పుడే తప్పు. ఆ రోజు జిగురు అయిపోతే సెన్సర్ చుట్టూ నెయిల్ పాలిష్ పూశాను. ఆ కొండ దాని వెనక చిక్కిన గాలిది. అంచు వేగం, వరస నిజం. ఆ ఎత్తు అబద్ధం. పేపర్లోంచి తీసేద్దాం."

"నెయిల్ పాలిషా?" పెద్దాయన నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. చేతిలో చుట్ట విప్పాడు, ఒక పేజీ తిప్పాడు, రెండు తిప్పాడు, మూడో పేజీ దగ్గర వేలు పెట్టి ఆగాడు. కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దింపాడు. "ఇది నువ్వు పేపర్లో రాయలేదు కదమ్మా."

"రాయలేదు సార్."

"నాకూ చెప్పలేదు."

"లేదు సార్. తప్పే. ఒక్కళ్ళకే చెప్పాను, ఇంట్లో."

ఆయన తల ఎత్తలేదు, కళ్ళు మాత్రం ఎత్తాడు, నెమ్మదిగా అందరినీ దాటుకుని వెనక్కి వెళ్ళాయి. బొటనవేలు గీరడం మానింది. అతను ఏదో అన్నాడు. పెదాలు కదిలాయి, మోటారు హోరులో ఏమీ వినపడలేదు.

తొమ్మిదేళ్ళ కాపురంలో ఆమె అతన్ని నువ్వనే అంది. ఏమండీ అన్నది రెండేసార్లు, రెండుసార్లూ అతను ఆ రాత్రి హాల్లో పడుకున్నాడు.

"బాబాయ్, మోటారు ఆపెయ్యి," అంది ఆమె. "ఆయన గొంతు చిన్నది. ఏమండీ, ఇప్పుడు చెప్పండి, అందరికీ వినబడుతుంది."

బాబాయ్ మీట దించాడు. చివరి గులకరాయి కూడా ఆగిపోయింది.